తాళంచెవి పోగొట్టిందెవరు?

వ్యాకరణం పేరెత్తగానే పుట తిప్పేసే చదువరులు ఉంటారని నాకు తెలుసు. దయచేసి తిప్పకండి. ఇందులో సూత్రాలు లేవు, సంధులు లేవు. ఉన్నదల్లా ఒక బ్యాంకు మేనేజరు, ఒక గుమాస్తా, ఒక తాళంచెవి. తక్కినదంతా మన పిల్లల సంగతి.

సర్వనామం అంటే, పేరు పదే పదే చెప్పలేక దానికి బదులుగా వాడుకునే మాట. వాడు, అది, ఆమె, వారు, తాను, ఇవన్నీ ఆ కోవలోవే. మాట చిన్నదేగాని బాధ్యత పెద్దది. పేరుకు ఎవరి పూచీ అక్కరలేదు. సర్వనామం మాత్రం ఎవరో ఒకరివైపు వేలు చూపితేగాని నిలబడదు. ఆ వేలు ఒకేసారి ఇద్దరివైపు చూపిందా, ఇంట్లో అయితే రభస, దస్తావేజులో అయితే దావా, పరీక్షలో అయితే మార్కు గల్లంతు.

పరీక్ష అంటే ఒకప్పుడు కూర్చుని వ్రాయడం. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో మన రాయవేలూరు వూర్హీస్ కళాశాలలో చదువుకున్నారని మనమంతా గొప్పగా చెప్పుకుంటాం గదా! ఆ రోజులలో పిల్లవానికి ఏమి వచ్చునో, ఏమి రాదో వాని వ్రాతలోనే తేలిపోయేది. అమెరికాలో 1926లో శాట్ అనే పరీక్ష మొదలైంది. నాలుగైదు జవాబులు ముందు పెట్టి ఒకదానికి గుర్తు పెట్టమనే పద్ధతి క్రమంగా లోకమంతా ప్రాకింది. ఇప్పుడు ఐ.బి.పి.ఎస్. వారు జరిపే బ్యాంకు అధికారుల తొలి పరీక్షలో ఇంగ్లీషుకు 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. ప్రశ్నకు 40 సెకండ్లన్నమాట. తప్పు జవాబుకు సున్న వేసి ఊరుకోరు, ఉన్నదాంట్లోనుంచి పావు మార్కు కోసుకుంటారు. నాలుగు తప్పులు చేస్తే చేతిలో ఉన్న మార్కు ఒకటి పోయినట్లే.

గుడియాత్తం పిల్లలు పొద్దున్నే బస్సెక్కి రాయవేలూరు పోయేది ఈ నలభై సెకండ్ల కోసమే. లుంగీల నేత, అగ్గిపెట్టెల పని, బీడీలు, వీటితో మన ఊళ్లో ఎన్నో కుటుంబాలు గడిచాయి. పిల్లలకైనా నెల తిరిగేసరికి జీతం వచ్చే ఉద్యోగం దొరకాలని ఏ తల్లికి ఉండదు?

మా తమ్ముడి కూతురు కూడా ఆ బస్సు ఎక్కేదే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పరీక్షలో ఇంగ్లీషు, ఇదీ ఆ పిల్ల బ్రతుకు. మన పిల్లలందరి బ్రతుకూ ఇదే. 1911లో ఉత్తరార్కాటు నుంచి విడదీసి చిత్తూరు జిల్లా ఏర్పరచినప్పుడు మన పెద్దలు ఇటువైపు ఉండిపోయారు. 2006లో తమిళ అభ్యాస చట్టం వచ్చింది. 2006-07లో ఒకటవ తరగతితో మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున బడిలో తమిళం తప్పనిసరి అయింది. ఆ చట్టం మంచిచెడ్డల జోలికి నేను పోను. ఉన్న ఊరి భాష రాకపోతే ఎలాగ? కాని దానివల్ల ఒకటి జరిగింది. మన పిల్లల్లో చాలామందికి తెలుగు నేర్పే బడి ఇల్లు ఒక్కటే అయింది. ఇప్పుడు ఆ ఇంట్లో కూడా తెలుగు మానిపించే పెద్దలు తయారయ్యారు. పిల్లకు ఇంగ్లీషు పరీక్ష ఉంది, ఇంట్లో తెలుగు మాట్లాడితే బుర్ర చెడుతుందట! తాళంచెవి కథ చెప్పడం ఇందుకే.

ఒకనాటి సాయంత్రం ఆ పిల్ల మాదిరి ప్రశ్నపత్రం పట్టుకుని విసురుగా వచ్చింది. వాక్యం ఇది: ‘ద మేనేజర్ టోల్డ్ ద క్లర్క్ దట్ హీ హాడ్ లాస్ట్ ద కీ.’ ఇందులో తప్పు ఉందా, లేదా? పిల్ల ‘తప్పు లేదు’ అని గుర్తు పెట్టింది. జవాబుల కాగితంలో ‘తప్పు ఉంది’ అని ఉంది. ‘హీ’ అంటే మేనేజరో గుమాస్తావో తేలలేదు గనుక వాక్యం దోషభూయిష్ఠమట.

“పెదనాయనా, మేనేజరు తాళంచెవి పోగొట్టుకుంటే పోయి గుమాస్తాతో చెప్పుకుంటాడా? కిమ్మనకుండా ఇంకొకటి చేయించుకుంటాడు. గుమాస్తా పోగొట్టినాడు కాబట్టే పిలిచి చెప్పినాడు. ఇందులో తేలనిదేముంది?” అన్నది.

లోకం తెలిసిన మాట. పెద్ద ఉద్యోగి చిన్న ఉద్యోగి దగ్గర తప్పు ఒప్పుకోవడం ఎక్కడైనా చూశామా? కాని కోచింగులో ఆమెకు చెప్పింది వేరు. “ఆలోచించవద్దు, లెక్కపెట్టు. హీ కనిపిస్తే దాని ముందు మగవాళ్లు ఎంతమంది ఉన్నారో చూడు. ఇద్దరుంటే తప్పు, ఒక్కడుంటే ఒప్పు, పో!” అన్నారట. నలభై సెకండ్లలో అంతకంటే చెప్పగలిగేది కూడా లేదేమో. ఐనా చదువుకునే పిల్లకు ‘ఆలోచించవద్దు’ అని చెప్పడం నాకు మింగుడుపడలేదు.

“ఆ వాక్యం తెలుగులో చెప్పు” అన్నాను.

చెప్పబోయి ఆగింది. ఆగక తప్పదు. తెలుగులో ఆ వాక్యం మూడు రకాలుగా పుడుతుంది. మేనేజరు గుమాస్తాతో తాళంచెవి పోగొట్టానన్నాడు. తాళంచెవి పోగొట్టావన్నాడు. తాళంచెవి పోగొట్టాడన్నాడు. చూశారా! న, వ, డ. ఒక్క అక్షరం మారితే దోషి మారిపోతాడు. మొదటిదానిలో మేనేజరు, రెండవదానిలో గుమాస్తా, మూడవదానిలో మనకు తెలియని ఇంకెవడో. ఇంతా చేసి మూడింటిలోనూ సర్వనామం ఒక్కటైనా లేదు. మన క్రియాపదం తోకలోనే మనిషి కూర్చుని ఉంటాడు.

ఇంగ్లీషు ‘హీ’కి ఆ సౌకర్యం లేదు. ముగ్గురికీ ఒకే చొక్కా తొడిగి నిలబెడుతుంది. మన పిల్ల చదివేటప్పుడు లోకజ్ఞానంతో ‘పోగొట్టావన్నాడు’ అని లోలోపలే తెలుగు చేసుకుంది. ఆమె చదివింది తన తెలుగు వాక్యం. పరీక్ష వ్రాసినవాడు అడుగుతున్నది ఇంగ్లీషు వాక్యం గురించి. న, వ, డలలో ఒకటి ఎంచుకోవడానికి ఇంగ్లీషు వాక్యంలో ఆధారం ఉందా అని అడిగితే, లేదు. అదే దోషం. ఆ మాట చెప్పగానే పిల్ల ముఖంలో కోపం పోయింది. మగవాళ్లను లెక్కపెట్టమన్నప్పుడు పోని కోపం!

అప్పటినుంచి మా ఇంట్లో ఇదే పద్ధతి. ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు చేయి. చేసేటప్పుడు తెలుగు నిన్ను ‘ఎవరు?’ అని నిలదీస్తే, జవాబు ఆ వాక్యంలో ఉందేమో చూడు. లేకపోతే తప్పని గుర్తు పెట్టు. తెలుగు నిలదీయకుండా సాఫీగా సాగిపోతే వాక్యానికి జబ్బు లేనట్లే, ముందుకు పో. మొదట్లో వాక్యానికి రెండు నిమిషాలు పట్టేది. నెల తిరిగేసరికి నలభై సెకండ్లలోకి వచ్చింది. మనసులో తెలుగు చేసుకోవడం ఆమెకు చిన్ననాటినుంచీ అలవాటే. ఇదివరకు దాన్ని దొంగతనంగా చేసేది, ఇప్పుడు దొరతనంగా చేస్తోంది, అంతే తేడా.

ఇందులో ‘తాను’ చేసే సాయం ఇంతా అంతా కాదు. అత్త కోడలితో ‘తన తమ్ముడు వస్తున్నాడు’ అని చెప్పిందంటే వచ్చేది అత్త తమ్ముడు. ‘నీ తమ్ముడు’ అన్నదంటే కోడలి తమ్ముడు. వంటింట్లో పప్పులో ఎన్ని నీళ్లు పోయాలో దీన్నిబట్టి గదా తేలేది! అదే సంగతి ఇంగ్లీషులో ‘హర్ బ్రదర్’ అని వ్రాస్తే ఎవరి తమ్ముడికి ఎదురు పోవాలి? తమిళంలోనూ ‘తాన్’ ఉంది కాబట్టి మన పిల్లలకు ఈ తేడా రెండు చేతులా అందుతుంది. మనము, మేము కూడా అంతే. ‘మేము పెండ్లికి పోతున్నాం’ అంటే నువ్వు రానక్కరలేదని, ‘మనం పోతున్నాం’ అంటే చీర కట్టుకొమ్మని. ఇంగ్లీషు ‘వుయ్’ రెండింటికీ ఒక్కటే. పిలిచారో లేదో తెలియక గుమ్మంలో నిలబడవలసిందే.

మన భాషలో అంతా అద్దంలా ఉందని చెప్పబోవడం లేదు. సాయంకాలం వీధిలోకి వచ్చి ‘వచ్చిందా?’ అని ఒక్క మాట అడిగి చూడండి. కరెంటు వచ్చిందా, బస్సు వచ్చిందా, ఉత్తరం వచ్చిందా, కోడలు వచ్చిందా? తెలుగు ఏకవచనంలో ఆడమనిషికీ వస్తువుకూ క్రియ ఒక్కటే. తమిళం ఈ చోట మనకంటే జాగ్రత్తపడింది. మనిషైతే ‘వందాళా’, వస్తువైతే ‘వందదా’. మా పక్కింటి తమిళ తాయారు ఒకావిడ మా ఇంట్లో ‘అక్క వచ్చింది’ అనడం విని, మనిషిని పట్టుకుని అలా అంటారేమని నొచ్చుకునేది. అది మా వ్యాకరణమమ్మా, మర్యాద తక్కువ కాదు అని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకు నమ్మకం కుదరలేదు. నన్నడిగితే ఆవిడ నొచ్చుకోవడంలో న్యాయం కొంత ఉన్నది కూడా.

పిల్ల పద్ధతి పట్టుబడ్డాక ఒకనాడు, “పెదనాయనా, జవాబుల కాగితమే తప్పయితే?” అని అడిగింది. అదీ జరిగింది, చిన్న చోట కాదు. 2002 అక్టోబరులో అమెరికాలో శాట్‌కు ముందు పిల్లలు వ్రాసే పీశాట్ అనే పరీక్షలో ఒక వాక్యం ఇచ్చారు. టోనీ మారిసన్ అనే నీగ్రోజాతి రచయిత్రి, 1993లో నోబెల్ బహుమతి పొందిన మహా నవలాకర్త్రి, ఆమెను గూర్చిన వాక్యం. మారిసన్ గారి ప్రతిభ, తన జాతివారు పడిన అన్యాయాలను నవలలుగా మలచే శక్తి ఆమెకు ఇచ్చిందని దాని భావం. తప్పు లేదన్నదే అచ్చయిన జవాబు. మేరీలాండులో ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు దీనికి అభ్యంతరం చెప్పాడు. ఆయన వాదం ఇది: వాక్యంలో ‘మారిసన్’ అనే పేరు ఒంటరిగా లేదు, ‘మారిసన్ యొక్క’ అని ఉంది. అంటే అది ప్రతిభకు విశేషణం. విశేషణాన్ని పట్టుకుని ‘ఆమె’ అనకూడదు. కాబట్టి ‘ఆమె’ వ్రేలాడుతోంది, వాక్యం తప్పు. అలా చెప్పే పాత వ్యాకరణ పుస్తకాలు కొన్ని ఉన్న మాట నిజమే. పరీక్షవారు మొదట ఒప్పుకోలేదు. ఆయన వదలలేదు, ఉత్తరం మీద ఉత్తరం వ్రాశాడు. చివరికి 2003 మే నెలలో ఆ ప్రశ్నను లెక్కలోనుంచి తీసివేసి పిల్లల మార్కులు మళ్లీ కట్టారు. ఆ పరీక్ష మార్కులమీద విద్యార్థి వేతనాలు ఆధారపడి ఉంటాయి గనుక ఇది వినోదం కాదు.

భాషాశాస్త్రజ్ఞులు ఊరుకుంటారా? ఇంతకాలం మంచి రచయితలంతా అలాగే వ్రాస్తున్నారు, చదివినవాడెవడూ తికమకపడలేదు, అర్థానికి అడ్డురాని చోట నియమం ఎందుకని ప్రశ్నించారు. నా ఓటు వారికే. మన పద్ధతిలో పెట్టి చూడండి. ‘తాతగారి ఓపిక ఆయన్ని తొంభై ఏళ్లు బ్రతికించింది’ అంటే, ఎవర్నీ అని అడిగే తెలుగువాడు ఉంటాడా? ‘తాతగారి’ అన్నది ఓపికకు విశేషణం కాబట్టి బ్రతికినవాడు ఇంకెవరో అనుకుంటాడా? తెలుగు అక్కడ నిలదీయదు. అంటే వాక్యంలో జబ్బు లేదు. ఆ ఉపాధ్యాయుని పట్టుదలకు నమస్కారం, వాదానికి మాత్రం కాదు.

ఒకచోట లోకజ్ఞానం వాడితే తప్పు, ఇంకొకచోట వాడకపోతే తప్పు, ఇదేమి న్యాయమని పిల్ల అడిగింది. న్యాయమైన ప్రశ్నే. పరీక్ష పెట్టేవారికీ ఇది తెగని తగువే కాబోలు. మేనేజిమెంటు చదువులకు పోయేవారు వ్రాసే జీమ్యాట్‌లో వాక్యాలు దిద్దే ప్రశ్నలు ఏళ్ల తరబడి ఉండేవి. 2023 నవంబరులో వచ్చిన కొత్త జీమ్యాట్‌లో వాటిని ఎత్తివేశారు. శాట్‌లోనూ మన బ్యాంకు పరీక్షల్లోనూ వ్యాకరణం ఇంకా ఉన్నది.

విచిత్రమేమంటే, మనుషులకు లోకజ్ఞానం వద్దు, లెక్కపెట్టు అని నేర్పుతున్న కాలంలోనే యంత్రాలకు దీనికి సరిగ్గా ఎదురు పరీక్ష పెట్టారు. గుడియాత్తం ఉదాహరణతోనే చెబుతాను. ‘లుంగీల కట్ట సంచిలో పట్టలేదు, అది మరీ పెద్దది.’ ఏది పెద్దది? కట్ట. ‘లుంగీల కట్ట సంచిలో పట్టలేదు, అది మరీ చిన్నది.’ ఏది చిన్నది? సంచి. రెండు వాక్యాలకూ వ్యాకరణం ఒక్కటే, ‘అది’ ఒక్కటే. నా తెలుగు పద్ధతి కూడా ఇక్కడ చేతులెత్తేస్తుంది, న, వ, డలు ఏమీ సాయం రావు. కాని సంత చూసిన ఐదేళ్ల పిల్లవాడు తడుముకోకుండా చెబుతాడు. ఇటువంటి జంట వాక్యాన్ని 1972లో టెర్రీ వినోగ్రాడ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఉదాహరణగా చూపాడు. కెనడాలో హెక్టర్ లెవెక్, మరి ఇద్దరు కలిసి 2012లో అటువంటి వాక్యాలనే యంత్రాలకు తెలివి ఉందా లేదా తేల్చే పరీక్షగా కూర్చారు. 2016లో న్యూయార్కులో పోటీ జరిగితే అన్నిటికంటే బాగా చేసిన యంత్రానికి వందకు 58 వచ్చాయి. కళ్లు మూసుకుని రూపాయి ఎగరవేసినా 50 వస్తాయి గదా! మరి నాలుగేళ్లు తిరగకముందే యంత్రాలు 90 దాటాయి. అవి నిజంగా సంచి సంగతి గ్రహించాయా, కోట్ల వాక్యాలు చదివి పోలిక పట్టాయా అన్నది వేరే తగువు. కోచింగులో మన పిల్లలకు చెప్పినట్లు ‘ఆలోచించవద్దు, లెక్కపెట్టు’ అంటే, ఆ పని యంత్రం మనకంటే త్వరగా చేస్తుంది. అంతవరకు మాత్రం నాకు తెలుసు.

ఇంట్లో తెలుగు మానిపించిన తల్లి ఒకరు ఈమధ్య రైలులో కలిశారు. పిల్లవానితో కాట్పాడి నుంచి వచ్చేవరకూ ఇంగ్లీషులోనే మాట్లాడారు. ‘కమ్, సిట్, ఈట్, డోంట్ టచ్.’ ఆ నాలుగు మాటలలో సర్వనామానికి చోటేది? ఎవరు ఎవరితో ఏమన్నారు, ఎవరి తమ్ముడు వస్తున్నాడు, తాళంచెవి ఎవరు పారేశారు, ఇటువంటి సంసారపు మాటలు ఏ భాషలో ధారాళంగా సాగుతాయో ఆ భాషలోనే పిల్లకు ‘ఎవరు?’ అని అడిగే గుణం పట్టుబడుతుంది. ఇంట్లో నిజంగా ధారాళమైన ఇంగ్లీషు ఉంటే అదీ మంచిదే, నాకు తగువు లేదు. అరకొర ఇంగ్లీషు కోసం నిండు తెలుగును వదులుకోవడమే నాకు అర్థం కాని బేరం.

పరీక్ష దగ్గరపడింది. పిల్ల రోజుకు ఇరవై వాక్యాలు చేస్తోంది. మొన్న చిక్కు ఒకటి వచ్చిపడింది. ‘ప్రతి అభ్యర్థి తమ హాల్ టిక్కెట్టు తేవాలి’ అనే అర్థం గల వాక్యంలో ‘దెయిర్’ తప్పని జవాబుల కాగితం. అభ్యర్థి ఒక్కడు, ‘దెయిర్’ బహువచనం, కాబట్టి కుదరదట. ఇంగ్లీషువారు మాత్రం వందల ఏళ్లుగా ఒక్కరికీ ఆ మాట వాడుతూనే ఉన్నారు, 2019లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘంవారు తమ రచనా నియమాలలో దాన్ని సమ్మతించారు కూడా. పరీక్షలో ఏది గుర్తు పెట్టాలని పిల్ల అడిగితే, జవాబుల కాగితం చెప్పినదే పెట్టమన్నాను. పావు మార్కు దగ్గర సంస్కరణలు పనికిరావు.

పెట్టింది. పెట్టి, పెన్ను మూస్తూ, “మన ఇంటికి తాత ఒక్కడే వచ్చినా ‘వారు వచ్చారు’ అనే అంటాం. ఆ లెక్కన మన తాతను ఎంతమందిగా గుణించాలో కోచింగులో అడిగి వస్తాను, పెదనాయనా” అని బస్సుకు పరుగెత్తింది.